రాని మాట

నాటకం చూడటానికి వచ్చే పెద్దవాళ్ళ కారు పావగడ దాటాక టైరు పంక్చరై నిలిచిపోయిందని, ఇంకో గంటకు గానీ రారని ఎవరో ఫోనులో విని చెప్పారు. దుప్పటి తెరకు అవతల కుర్చీలు జరుపుతున్న చప్పుడు కాసేపు ఆగి మళ్ళీ మొదలయింది. తెరకు ఇవతల, క్యాంటీను షెడ్డు మూలన, బోర్లించిన అన్నం గిన్నెల పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద ఆంజినమ్మ కూర్చుని ఉంది. చీర మీద ఆరెంజి రంగు కోటు, నెత్తిన పసుపు హెల్మెట్. నాటకంలో ఆమె సూపర్‌వైజరు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. పది నిమిషాల కింద, క్లాసు చెప్పే సింధుశ్రీ వచ్చి దాన్ని ఆమె అరచేతిలో పెట్టి, తన చేత్తోనే ఆమె వేళ్ళు మూసింది. "ఈ పొద్దు పాత కాగితం వద్దక్కా. వచ్చేవాళ్ళు చూసి బట్టీ పట్టించినారు అంటారు. కొత్తది రాసినా. స్టేజి మీదనే విప్పు. నీకేమక్కా, గడగడా చదివేస్తావు" అని నవ్వుకుంటూ మైకు సంగతి చూడటానికి పోయింది.

గడగడా. ఆ మాట వెళ్ళిపోలేదు, ఇక్కడే స్టూలు పక్కన నిలబడి ఉన్నట్టుంది. గడగడా నీళ్ళు తాగుతారు, గడగడా వణుకుతారు, గడగడా చదువుతారు. ఆంజినమ్మ గడగడా చదివిన పాత కాగితం నడుము దగ్గర చీర మడతలో ఉంది, చెమటకు మెత్తబడింది. అందులో ఏముందో ఆమెకు తెలుసు, ఒక్క ముక్క పోకుండా తెలుసు. స్టాప్ ఎట్ ద గేట్. రీడ్ ద బోర్డ్. టెస్టింగ్ ఇన్ ప్రోగ్రెస్. డు నాట్ ఎంటర్. వేర్ యువర్ గ్లవ్స్. కాల్ మీ. సింధుశ్రీ మొదటి రోజు రెండుసార్లు చదివి వినిపించింది, అంతే, మూడోసారికి చెవిలో కూర్చుండిపోయింది. మిగతా ఆడవాళ్ళు వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఉంటే, ఈమె కాగితం ముఖానికి అడ్డంగా పట్టుకుని కళ్ళు ఎడమ నుంచి కుడికి నడిపేది, వరస అయిపోయినట్టు కొంచెం కిందికి దించేది, ఒక్కోసారి, మరీ తేలిగ్గా ఉంటే అనుమానం వస్తుందని, మధ్యలో తడుముకునేది కూడా. ప్రోగ్రెస్ దగ్గర సుమ తడబడుతుంది కాబట్టి ఈమె కూడా అక్కడే కాస్త తడబడి దాటేది. చదవడం రాదు గానీ చదివినట్టు ఉండటం ఆమెకు ఎంత బాగా వచ్చో. క్లాసులో అందరికంటే బాగా చదివేది ఆంజినమ్మక్క అని సింధుశ్రీ ఫోనులో ఎవరికో చెబుతుంటే విని, ఆ రాత్రి అన్నం ముద్ద గొంతులో నిలబడింది. "ఏమే, కారమా?" అని అడిగాడు మొగుడు నాగప్ప. కారమే అంది.

మూసిన పిడికిట్లో కాగితం అంచు గుచ్చుకుంటోంది. ఇప్పుడు విప్పి చూడొచ్చు. చూస్తే ఏమవుతుంది, రాని కాగితం గంట ముందు చూసినా రాదు, అప్పుడు చూసినా రాదు. తలనొప్పి అని చెప్పి ఇంటికి పోవచ్చు. సూపర్‌వైజరు లేకుండా నాటకం ఎట్లా నడుస్తుంది? వచ్చేవాళ్ళకు నచ్చకపోతే ఈ క్లాసు ఉగాదితో ఆగిపోతుందట. పద్దెనిమిది మంది ఆడవాళ్ళు, పొద్దంతా సోలారు ప్లేట్లు కడిగి, గడ్డి కోసి, ఒళ్ళు నొప్పులతో సాయంత్రం గంటసేపు ఈ షెడ్డులో కూర్చుని, ఐదు నెలల్లో బస్సు పాసు మీద తమ పేరు ఏదో కనుక్కున్నారు. మొదటి నెల ఏ బి సి డి అన్నప్పుడు వీళ్ళు తొమ్మిది మందే మిగిలారు. సింధుశ్రీ పావగడ బజారులో బట్టలంగడి వాళ్ళ అమ్మాయి, ఇరవై నాలుగేళ్ళు ఉంటాయో లేదో. ఒకరోజు నల్లబల్ల గోడవైపు తిప్పేసి, "చదివింది చాలు, నాటకం కడదాం రండి" అంది. నాటకమనేసరికి వెళ్ళిపోయిన తొమ్మిది మందీ వెనక్కి వచ్చారు. ఈ పక్క ఊళ్ళలో నాటకం కట్టని ఊరు లేదు, కానీ స్టేజి ఎక్కిన ఆడది లేదు. ఆడవేషానికి కూడా బయటి ఊళ్ళ నుంచి మాట్లాడి తెచ్చుకునేవాళ్ళు. అందుకే, ఇంగ్లీషు నాటకమైనా సరే, మనం ఆడొచ్చునంట కదా అని వచ్చారు.

నాయన నరసింహప్ప ఉంటే ఏమనేవాడో. నిడుగల్లు కొండ కింద ముప్పై ఏళ్ళు దుర్యోధనుడి వేషం కట్టినవాడు. శివరాత్రికి మూడు నెలల ముందు హార్మోనియం మేష్టరు వచ్చి బడి పంచలో దిగేవాడు. చెనిక్కాయ పీకిన చేతులతో, వేళ్ళ సందుల్లో ఎర్రమట్టితో, పెద్దమనుషులంతా రాత్రిపూట వరసగా కూర్చుంటే మేష్టరు ఒక పాదం పాడేవాడు, వాళ్ళు అదే పాదం తిరిగి పాడేవాళ్ళు. ఎవరికీ అక్షరం రాదు. ఎవరికీ ఒక్క పాదం తప్పేది కాదు. నాయన మాత్రం నాటకం పుస్తకం ఒకటి ఖాకీ అట్ట వేయించుకుని, చంకలో పెట్టుకుని తిరిగేవాడు, వంతు వచ్చినప్పుడు విప్పి ముందు పట్టుకునేవాడు. ఆంజినమ్మకు అప్పుడు తొమ్మిదేళ్ళు. కన్నడ బడిలో నాలుగో తరగతి. కన్నడ అక్షరాలకూ తెలుగు అక్షరాలకూ పెద్ద తేడా లేదు కదా, అక్కచెల్లెళ్ళ ముఖాల్లాగా ఉంటాయి. నాయన భుజం మీదుగా చూస్తే తలకట్లన్నీ కాళ్ళ కింద ఉన్నాయి. "నాయనా, పుస్తకం తలకిందులుగా పట్టుకోని ఉండావు" అని నలుగురిలో అని, తన చేత్తో తిప్పి పెట్టింది. తెలివిగల పని చేశాననుకుంది. అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. నాలుగోరోజు, గొర్రెలకు నీళ్ళు పోస్తూ, ఆమె వైపు చూడకుండా, "నాకు చదువు రాదని ఊరికంతా తెలుసు పాపా. అయినా ఎవురూ ఒక మాట అనల్యా ఇన్నాళ్ళు. నువ్వంటివి" అన్నాడు. కోపంగా కూడా కాదు. కోపంగా అని ఉంటే ఈపాటికి మరిచిపోయేది. ఆ ఏడే చెనిక్కాయ కోతల్లో బడి మానేసింది. దానికీ దీనికీ సంబంధం లేదు, ఇంట్లో చేతులు తక్కువ. కానీ తలుచుకున్నప్పుడల్లా రెండూ జంటగానే వస్తాయి. చదువు రాదని ఒకరిని అనకూడదు, మనకు రాదని ఒకరితో అనిపించుకోకూడదు. బడిలో నాలుగేళ్ళు నేర్చిన దాంట్లో చివరికి మిగిలింది బస్సు బోర్డు మీద కన్నడం కూడబలుక్కోవడం, పైన ఈ పాఠం.

షెడ్డు రేకులు ఎండకు టప్పు టప్పున మోగుతున్నాయి. మాఘమాసానికే ఈ ఎండ. దుప్పటికి పక్కన సందులోంచి బయట వరసలు వరసలుగా ప్లేట్లు, అన్నీ ఒకవైపే ముఖం తిప్పి, బడిలో ప్రార్థనకు నిలబెట్టిన పిల్లల్లాగా. ఆ నాలుగో వరస కింద, ఇనుప కాళ్ళు పాతిన చోట, వాళ్ళ ఐదెకరాలు. అత్తగారిల్లు రాయచెర్లు, భూమి తిరుమణి పొలిమేరలో. నాగప్ప కాగితం మీద వేలిముద్ర వేసి భూమిని ప్లేట్ల కంపెనీకి ఇచ్చాడు. అదే భూమిలో ఇప్పుడు ఆమె గడ్డి కోస్తోంది, కొడవలి అదే, కోసేది చెనిక్కాయ కాదు అంతే. ఆ వేలిముద్ర కాగితం కూడా ఇంగ్లీషులోనే ఉంది. ఇంగ్లీషు వాళ్ళకు ఎప్పుడు వచ్చినా కాగితం లోపలే వచ్చింది, నోట్లోకి ఎన్నడూ రాలేదు, ఈ నాటకం దాకా. కాల్ మీ అని హెల్మెట్ పెట్టుకుని గట్టిగా అన్నప్పుడు ఒంట్లో ఏదో నిటారుగా లేచేది. నాయనకు గద భుజాన పెట్టుకున్నప్పుడు ఇట్లాగే ఉండేదేమో.

సందులోంచి మల్లేశప్ప కనిపించాడు. మూడో వరస కుర్చీలో, కుడిచేతిని ఎడమ చంకలో దాచుకుని. ఆంజినమ్మ కళ్ళు తిప్పుకుంది. ఆయన వస్తాడని తెలుసు, క్యాంటీనుకూ గేటుకూ వందడుగులే కదా, గేటు దగ్గర కాపలా ఆయనదే. అయినా రాడేమో అనుకుంది. పోయిన శ్రావణం దాకా మల్లేశప్ప కాపలావాడు కాదు, ఈమెతో పాటు గడ్డి కోసేవాడు. పక్కింటి వరస, అన్న అని పిలుస్తుంది. ఆ పొద్దు ఇద్దరూ ట్రాన్స్‌ఫార్మర్ కంచె వెంట కోసుకుంటూ వచ్చారు. చిన్న గేటు తెరిచే ఉంది. దానికి తీగతో కట్టిన కొత్త బోర్డు, పసుపు మీద ఎర్ర అక్షరాలు. ఎప్పటి బోర్డులైతే కన్నడం కూడా ఉంటుంది. ఇది బయటి నుంచి వచ్చిన వాళ్ళెవరో రెండు రోజుల పనికి తగిలించుకున్నది, ఒట్టి ఇంగ్లీషు. మల్లేశప్ప ఆగి, కొడవలితో చూపించి, "ఆంజినమ్మా, ఏందో రాసినారే, ఏముండాదో చూడు" అన్నాడు. ఆయనకు ఈమె చదువుకున్న మనిషి. బస్సు బోర్డు చదివి చెప్పే మనిషి. ఆమె చూసింది. రెండు వరసలు. ఒక్క గీత కూడా తెలియదు. తెలియదు అనే మాట నాలుక దాకా వచ్చింది, అక్కడ నిలబడింది, వెనక్కి పోయింది. దాని చోట్లో ఇంకో మాట వచ్చింది. "ఎప్పుడూ ఉండేదేన్నా. డేంజరు అని." డేంజరు అని ప్రతి స్తంభం మీదా రాసి ఉంటుంది, దాని మధ్యలోనే రోజూ గడ్డి కోస్తారు. ఆయన లోపలికి పోయాడు. ఈమె చెంగుతో ముఖం తుడుచుకుంటూ ఉండగానే శబ్దం వచ్చింది. పెద్దగా కూడా కాదు, ఎండిన కొమ్మ విరిగినట్టు. తర్వాత వాసన. ఆ వాసన గురించి ఆమె ఎవరితోనూ ఎన్నడూ మాట్లాడలేదు.

బెంగుళూరు ఆస్పత్రిలో నెల. కుడిచేతి మూడు వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుని బిగుసుకుపోయాయి. ఆఫీసులో వాళ్ళు విచారించారు, బోర్డు పెట్టాము కదా, చూడలేదా అని. చూడలేదు సార్ అని చెప్పాడట. ఆంజినమ్మను అడిగాను, ఆంజినమ్మ చెప్పింది అని ఒక్క మాట అనలేదట. ఎందుకు అనలేదు? ఆరునెలలుగా ఈ ఒక్క ప్రశ్న ఆమెతో పాటు లేస్తుంది, ఆమెతో పాటు పడుకుంటుంది. జాలిపడి అనలేదా, మనసులో పెట్టుకుని అనలేదా? ఆయనను చూడకుండా ఉండటానికి గేటు దాటేటప్పుడు చెంగు సర్దుకుంటుంది. గేటు దగ్గర ఒక పుస్తకం ఉంటుంది, లోపలికి వచ్చినవాళ్ళ పేర్లు రాసేది. "చెయ్యి బాగలేదు సార్, పేరు మీరే రాసుకోండి" అంటాడు మల్లేశప్ప అందరితో. ఎవరూ ఇంకేమీ అడగరు. ఆ ప్రమాదం అయినాకే, పనివాళ్ళకు బోర్డులు చదవడం నేర్పాలని ఈ క్లాసు వచ్చింది. అంటే ఈ హెల్మెట్టూ, ఈ నాటకమూ, తనకు దక్కిన చప్పట్లూ అన్నీ ఆ చేతిలోంచే వచ్చాయి.

"అక్కా, నీళ్ళు తాగుతావా?" సుమ వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. నాటకంలో కూలిమనిషి వేషం, రోజూ కట్టుకునే చీరే వేషం. చేతిలో ఆమె కాగితం నలిగి చిందరవందరగా ఉంది, పెదాలు కదులుతున్నాయి. "నాకు గుండె దడదడ అంటాందక్కా. ఆ ప్రోగ్రెస్ కాడ యామారుతానేమో. నీకేం, నీకు కళ్ళు పడితే చాలు." ఆంజినమ్మ ఏదో అనబోయింది. సుమ ఈమె మాట కోసం ఆగలేదు, వేలు కాగితం మీద పెట్టి మళ్ళీ మొదలుపెట్టింది, పి, ఆర్, ఓ, ప్రో, జి, ఆర్, ఈ, గ్రె. వేలు ఒక్కో అక్షరం మీద చీమలాగా నడిచింది. ఆంజినమ్మ ఆ వేలినే చూస్తోంది. సుమకు పొద్దస్తమానం పట్టిన ఆ మాట ఈమెకు చెవిలో ఎప్పటి నుంచో ఉంది. సుమ వేలు నడిచిన చోటే ఈమె చెవిలో మాట కూడా నడుస్తోంది. సుమకు గీతలు తెలుసు, వాటి వెనక మాట దొరకడం లేదు. నాకు మాట ఉంది. గీతలు దాని పక్కనే పడి ఉన్నాయి, ఇన్నాళ్ళూ.

సుమ లేచి పోయాక ఆంజినమ్మ నడుము దగ్గరి పాత కాగితం తీసి మోకాలి మీద పరిచింది. చుట్టూ ఎవరూ చూడటం లేదు. వేలు మొదటి వరస మొదట్లో పెట్టింది. స్టాప్. పాము మెలిక ఒకటి, అడ్డకర్ర పెట్టిన గుంజ, గాజు, ఇంకోటి. ఇది స్టాప్. ఎందుకంటే తను ఇక్కడ స్టాప్ అనే అంటుంది, ఇంకోటి అనదు. ఎట్. ద. గేట్. గాజును ఒకపక్క విరిచి నాలుక పెట్టినట్టుంది మొదటిది. చివర మూడు పళ్ళ దువ్వెన, అంతకు ముందు అడ్డకర్ర గుంజ. మొదటి నెల నేర్పిన ఏ బి సి డి పాట కూడా చెవిలోనే ఉంది, ఇరవై ఆరు పేర్లు, ముఖాలు తెలియని చుట్టాల్లాగా. ఇప్పుడు ఒక్కొక్కరే ముఖం చూపిస్తున్నారు. అడ్డకర్ర గుంజ టీ. స్టాప్‌లో ఉంది, ఎట్‌లో ఉంది, గేట్‌లో ఉంది, ఎక్కడ చూసినా నాలుక పైకి తగిలే చోటే ఉంది. ఆమె వేలు వేగంగా పోతే మాట తప్పిపోతోంది, మాట ముందుకు పోతే వేలు వెనకబడుతోంది, రెండూ కలిసి నడవాలి, కాడిలో రెండు ఎద్దుల్లాగా. వేలు రీడ్ ద బోర్డ్ దాటి కిందికి వచ్చింది. టెస్టింగ్ ఇన్ ప్రోగ్రెస్. డు నాట్ ఎంటర్.

అక్కడ వేలు ఆగిపోయింది. రెండు వరసలు. పైన పొడుగుది, కింద పొట్టిది. కింది దాంట్లో మొదట చిన్న మాట, మళ్ళీ చిన్న మాట, తర్వాత దువ్వెనతో మొదలయ్యేది. సింధుశ్రీ అన్నీ పెద్దక్షరాలతోనే రాస్తుంది, బోర్డుల మీద అట్లాగే ఉంటాయి కాబట్టి. నాటకంలో మాటలు యాడి నుంచి తెచ్చినావు మిస్సూ అని ఒకసారి ఎవరో అడిగితే, ఇక్కడి బోర్డుల నుంచే అని చెప్పింది. పసుపు మీద ఎర్ర అక్షరాలు. తీగతో కట్టిన బోర్డు. ఆ ఆకారం ఆంజినమ్మకు మరుపు లేదు, చదవలేని దాన్ని చదివినట్టు కళ్ళు అటూ ఇటూ తిప్పినప్పుడు అది కంటి లోపల అచ్చుపడిపోయింది. ఇదే. ఇదే ఆ బోర్డు. లోపల పరీక్ష జరుగుతూ ఉంది, పోవద్దు. నాలుగు నెలలుగా ఈ హెల్మెట్ పెట్టుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని, గట్టి గొంతుతో, సుమ ముఖంలోకి చూసి చెబుతున్నది ఆ పొద్దు మల్లేశప్పకు చెప్పాల్సిన మాటే. చెప్పిన ప్రతిసారీ అందరూ చప్పట్లు కొట్టారు. స్టూలు అంచు గట్టిగా పట్టుకుంది.

ఎంతసేపు అట్లా ఉందో తెలియదు. బయట కారు తలుపు పడిన శబ్దం. మైకులో హలో హలో. ఆమె పిడికిలి విప్పింది. కొత్త కాగితం తెరిచి పాతదాని పక్కన పెట్టుకుంది. నాలుగు వరసలు. మొదటిది చూడగానే తెలిసింది, స్టాప్ ఎట్ ద గేట్, పాతదే. రెండోదాంట్లో చివర ఇన్ ప్రోగ్రెస్. ముందున్న పెద్దమాట తోక టెస్టింగ్ తోకే, ఇంగ్. తల వేరు. కాల్ మీలో ఉన్న కొడవలిలాంటిది ఒకటి, దాని పక్కన కాల్‌లోనే చివర రెండుసార్లు వచ్చేది. క్, ల్. క్ల, ఇంగ్. క్లీనింగ్! రోజుకు ఇరవైసార్లు సూపర్‌వైజరు అరిచే మాట. నవ్వొచ్చింది ఆమెకు, ఒంటరిగా, గిన్నెల పక్కన. మూడో వరస డు నాట్ ఎంటర్, తర్వాత రెండు మాటలు కొత్తవి. ఒకటి కొంచెం లొంగేట్టుంది. రెండోది పొడుగు, అందులో పాము మెలికలు రెండు పక్కపక్కన. దాన్ని పట్టుకునేలోపల సింధుశ్రీ తల తెరలోంచి లోపలికి వచ్చింది. "అక్కా, రా రా, మొదలు. ఏంది, అప్పుడే విప్పేసినావా?"

తర్వాతిది ఆమెకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. కుర్చీల్లో ముఖాలు. ముందు వరసలో కళ్ళద్దాలాయన ఒకడు, పక్కన నోటుపుస్తకం పట్టుకున్న ఆమె. సుమ కొడవలితో గేటు దాటబోతుంది, సూపర్‌వైజరు ఆపాలి. "స్టాప్" అంది ఆంజినమ్మ. కాగితం ముందుకు పట్టుకుంది, ఎప్పుడూ ముఖానికి అడ్డం పెట్టేది, ఈసారి కొంచెం దించి, వేలు పెట్టింది. వేలు చూసి సింధుశ్రీ తెర పక్కన ఉలిక్కిపడటం ఓరకంట కనిపించింది. "స్టాప్. ఎట్. ద. గేట్." ఒక్కో మాటా నూతిలోంచి చేదుకున్నట్టు వస్తోంది. గడగడా చదివే ఆంజినమ్మకు ఏమయిందని ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. "క్లీ... నింగ్. ఇన్. ప్రోగ్రెస్." చెమట కంట్లోకి దిగింది. "డు. నాట్. ఎంటర్. వి... విత్... విత్ అవుట్." వచ్చింది. ఇక ఆ పొడుగు మాట. వేలు దాని మొదట్లో నిలబడింది. పి. ఆ తర్వాత ఏదీ నోటికి అందలేదు. ఇక్కడ ఏదో ఒకటి అనేసి పోవచ్చు. ఎవరికీ తెలియదు, ముందు వరసలో ఇద్దరికి తప్ప. గ్లవ్స్ అనొచ్చు, డేంజరు అనొచ్చు. నాలుక మీదికి ఇంకో మాట అప్పుడే వచ్చి నిలబడింది కూడా, పాత అలవాటు. మూడో వరసలో మల్లేశప్ప చేతిని చంకలోంచి తీసి మోకాలి మీద పెట్టుకుని ముందుకు వంగి వింటున్నాడు.

"ఈ మాట నాకు రాదు" అంది ఆంజినమ్మ.

తెలుగులో అంది. మైకు దాన్ని షెడ్డంతా చల్లింది. అప్పుడు సుమ, గేటు అవతల నిలబడాల్సిన కూలిమనిషి, కొడవలి కింద పెట్టి, గేటు దాటి వచ్చి, సూపర్‌వైజరు పక్కన నిలబడి కాగితంలోకి తొంగి చూసింది. "ఉండక్కా, ఇద్దరం చూద్దాం. పి, ఈ, ఆర్. పర్." "పర్" అంది ఆంజినమ్మ. "ఎం, ఐ. మి." "పర్మి. పర్మిషన్!" చెవిలో ఉన్న మాటే, ఆఫీసులో రోజూ వినేదే, పర్మిషన్ అడిగినావా, పర్మిషన్ ల్యాకుండా పోవద్దు. ఇద్దరూ ఒకేసారి అరిచారు, జాతరలో తప్పిపోయిన బిడ్డ దొరికినట్టు. షెడ్డు గొల్లుమని నవ్వింది. చివరి వరస వేర్ యువర్ హెల్మెట్, అది ఆమె ఒక్కతే చదివింది, మెల్లగా. చదివి, నెత్తిన హెల్మెట్‌ను తట్టి చూపించింది. ఆ తట్టడం మాత్రం నటనే.

నాటకం అయినాక కళ్ళద్దాలాయన సింధుశ్రీని పిలిచి, సూపర్‌వైజరే కూలిమనిషిని అడిగి నేర్చుకునే ఆ ఘట్టం ఎవరు రాశారమ్మా, బ్రహ్మాండంగా ఉంది, ఇంకో ఏడాది నడపండి అన్నాడు. సింధుశ్రీ తల ఊపింది. చిత్రాన్నం పొట్లాలు పంచుతుండగా గిన్నెల పక్కకు వచ్చి నిలబడింది. ముఖం ఎర్రగా ఉంది. "ఇన్నాళ్ళూ నువ్వు చదవల్యా కదక్కా?"

"లేదు మిస్సూ."

"ఒక్క రోజు కూడానా?"

"ఈ పొద్దు చదివినా. నీకు చెప్పకుండా ముందే విప్పి చూసినా, అది కూడా తప్పే."

సింధుశ్రీకి ఏడుపూ కోపమూ రెండూ వస్తున్నాయని తెలిసిపోతోంది. చిన్నపిల్ల. తను నేర్పానని ఊరంతా చెప్పుకుంది. కాసేపు దుప్పటి తెర మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. "రేపట్నుంచి నీకు ముందుగా చదివి వినిపించను. కాగితం ఇస్తా. అంతే. ఎంతసేపైనా కానీ" అని విసురుగా అని వెళ్ళిపోయింది. ఆ విసురు ఆంజినమ్మకు బాగుంది.

హెల్మెట్ అక్కడే పెట్టి ఆమె గేటు దారి పట్టింది. వందడుగులు. చెంగు సర్దుకోలేదు. మల్లేశప్ప అప్పటికే వచ్చి కుర్చీలో కూర్చుని ఎడమచేత్తో చిత్రాన్నం తింటున్నాడు. ఆమె ఎదురుగా నిలబడింది. ముందే అనుకున్న మాటలు ఏవీ లేవు, నాటకం కాదు కదా.

"అన్నా, ఆ పొద్దు బోర్డులో డేంజరు అని ల్యా. లోపల పరీక్ష జరుగుతాండాది, పోవద్దు అని ఉండింది. నాకు చదవను రాల్యా. వచ్చినట్ల చెప్తి."

ఆయన నమలడం ఆపాడు. పొట్లం పక్కన పెట్టాడు. "అట్ల రాసిండ్రా?" అన్నాడు. "నన్ను అందరూ బోర్డు చూల్యా, బోర్డు చూల్యా అనిరే గానీ, అందులో ఏముండాదో ఒకరూ చెప్పల్యా."

"నన్ను అడిగినానని ఆఫీసులో యాల చెప్పల్యాన్నా?"

"చెప్తే నాకు చదువు రాదని తెలుస్తాది కదమ్మా." ఆ మాట ఆయన నవ్వుతూ అనలేదు. "రాదంటే గడ్డి పనిలో కూడా పెట్టుకోరేమోనని భయం. నీకోసం కాదు, ఏమనుకోవద్దు."

ఆరునెలల ప్రశ్నకు జవాబు ఇంత చిన్నదా. జాలీ కాదు, పగా కాదు. ఆంజినమ్మ గేటు కమ్మీ పట్టుకుంది. కమ్మీ కాలుతోంది.

"కానీ ఆంజినమ్మా" అన్నాడు మల్లేశప్ప, ఈసారి సూటిగా ఆమె ముఖంలోకి చూసి, "తెల్దు అని నువ్వొక్క మాట అనింటే, నేను పోయుండను."

"ఊఁ" అంది ఆమె. అది ఆమె మోయాల్సినదే. ఏడుపు వచ్చింది గానీ ఆయన ముందు ఏడిస్తే ఆయనే ఓదార్చాల్సి వస్తుందని మింగేసింది. మల్లేశప్ప లేచి, బిగుసుకుపోయిన కుడిచేతినే ఎత్తి తల పైన గేటుకు బిగించిన పెద్ద బోర్డు వైపు చూపించాడు. "నాలుగు నెలలుగా దీని కిందనే కూర్చోనుండా. ఏమని ఉండాదో చూడు. తెల్లేదంటే తెల్లేదని చెప్పు."

ఆమె ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని తల ఎత్తింది. అంత ఎత్తున వేలు పెట్టడానికి కుదరదు, కళ్ళతోనే నడవాలి. "స్టాప్" అంది. తర్వాతిది పాము మెలికతోనే మొదలైంది, లోపల గాజు ఉంది. "స... సో... కాదు కాదు, షో. షో యువర్..." వెనక నుంచి కారు వచ్చి ఆగింది. పెద్దవాళ్ళ కారు, తిరిగి పోయేది. డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు, గేటు తీయలేదని రెండోసారి కొట్టాడు, తల బయట పెట్టి ఏదో అరిచాడు. మల్లేశప్ప వెనక్కి తిరగలేదు. బోర్డు మీది నుంచి చూపు తీయకుండానే ఎడమచెయ్యి పైకెత్తి అడ్డంగా పెట్టాడు.

"ఉండప్పా" అన్నాడు. "ఇంకా రెండు మాటలుండాయి."